పాత ఇంజిన్ల టాపెట్ కవర్ ప్యాకింగ్: ఆయిల్ కారకుండా బిగించే పద్ధతి

పాత కారు ఇంజిన్ పక్కన ఆయిల్ చార కనపడగానే చాలామంది టాపెట్ కవర్ (సిలిండర్ హెడ్ మీద వాల్వ్ భాగాలను మూసే మూత) బోల్టులను ఇంకో అర చుట్టు బిగిస్తారు. అయినా ఆగకపోతే కవర్‌కీ హెడ్‌కీ మధ్య వేసే కొత్త ప్యాకింగ్ (గ్యాస్కెట్) తెచ్చి, రెండు వైపులా సిలికాన్ దట్టంగా పూసి, మునుపటికంటే గట్టిగా బిగిస్తారు. లీకు పెరగడానికి ఈ రెండూ కారణాలే.

ఈ జాయింటు మీద ఆయిల్ పంపు ఒత్తిడి ఉండదు. రాకర్ల (వాల్వ్‌లను నొక్కి తెరిచే చేతుల్లాంటి భాగాల) మీంచి చిందిన ఆయిల్ కవర్ గోడల వెంట జారి అంచు దగ్గరికి వస్తుంది. అక్కణ్ణుంచి హెడ్‌లోని రంధ్రాల గుండా ఇంజిన్ అడుగునుండే ఆయిల్ తొట్టి అయిన సంపులోకి దిగిపోతుంది. ఇలా తనంతట తాను జారే ఆయిల్‌ని ఆపడానికి బలం అక్కర్లేదు. కవర్ అంచు చదునుగా ఉండాలి, ప్యాకింగ్ కూర్చునే చోట జిడ్డు ఉండకూడదు, బోల్టుకీ బోల్టుకీ మధ్య ఒత్తిడి తేడా లేకుండా పడాలి. పని మొత్తంలో ఎక్కువ సమయం అంచును సరిచెయ్యడానికీ శుభ్రం చెయ్యడానికీ పోతుంది. బిగించడం పది నిమిషాల పని.

లీకు నిజంగా అక్కడిదేనా

ఆయిల్ పైనుంచి కిందికి కారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి కూడా పాకుతుంది. అందుకే తడి కనపడిన చోటే లీకు ఉందని నమ్మకూడదు. ఫిల్లర్ మూత కింది రబ్బరు ఎండిపోయినా, బ్రీదర్ గొట్టం దూరే గ్రోమెట్ పగిలినా, కవర్ పైనున్న నట్ల కింది రబ్బరు బుష్‌లు గట్టిపడినా ఆయిల్ కవర్ మీంచి జారి సరిగ్గా ప్యాకింగ్ గీత దగ్గరే చేరుతుంది. చూస్తే ప్యాకింగే కారుతున్నట్టు ఉంటుంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కవర్‌నీ హెడ్ పక్కలనీ డీగ్రీజర్‌తో కడిగి బాగా ఆరనివ్వండి. ప్యాకింగ్ గీత చుట్టూ, దాని పైన కూడా టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. ఇంజిన్ వేడెక్కేదాకా ఒక ఇరవై నిమిషాలు ఐడిల్‌లో నడిపి, టార్చీ, చిన్న అద్దం పట్టుకుని చూడండి. పౌడర్ ముందుగా ఎక్కడ నల్లబడిందో ఆయిల్ అక్కణ్ణుంచే బయటికొస్తోంది. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపున్న వెనక మూలను తప్పకుండా చూడాలి. చాలా కార్లలో ఇంజిన్ కాస్త వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఆయిల్ నిలిచేది అక్కడే.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదికి కారే లీకును వాయిదా వెయ్యకండి. క్యాబిన్‌లోకి కాలిన వాసన వస్తోందంటే వేడి ఇనుము మీద ఆయిల్ పడుతున్నట్టే. దానివల్ల మంటలు అంటుకునే ప్రమాదం ఉంది.

క్రాంక్‌కేస్ గాలి ఎటు పోతోంది

ప్యాకింగ్ కొనకముందే చూడాల్సిన సంగతి ఇది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ కిందికి జారుతూనే ఉంటుంది. దానికి బయటికి పోయే దారి మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే ఇంజిన్ కింది గదిలో) ఒత్తిడి పెరిగి, అన్నిటికంటే బలహీనమైన జాయింటు దగ్గర ఆయిల్‌ని బయటికి నెడుతుంది. ఆ బలహీనమైన జాయింటు సాధారణంగా టాపెట్ కవరే. అలాంటప్పుడు ఎంత మంచి ప్యాకింగ్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ కారుతుంది.

పాత ఇంజిన్లలో ఈ గ్యాస్ కిందికి వేలాడే ఒక గొట్టం గుండా గాల్లోకి పోయేది. 1960ల తొలి ఏళ్ల నుంచి పీసీవీ వాల్వ్ (క్రాంక్‌కేస్ గ్యాస్ ప్రవాహాన్ని అదుపుచేసే చిన్న వాల్వ్) పెట్టి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి లాగడం మొదలైంది. పీసీవీ ఉన్న ఇంజిన్‌ని ఐడిల్‌లో ఉంచి, ఫిల్లర్ మూత తీసి, రంధ్రం మీద పల్చటి కాగితం పెట్టండి. వ్యవస్థ సరిగ్గా ఉంటే కొద్ది సేపట్లో కాగితం రంధ్రానికి అతుక్కుంటుంది. గాలి కాగితాన్ని పైకి ఎగదోస్తుంటే వాల్వ్ మూసుకుపోయి ఉండాలి, లేదా గొట్టం లోపల బురదలాంటి ఆయిల్ పేరుకుని ఉండాలి, అదీ కాకపోతే రింగులు అరిగి ఉండాలి. ప్లంజర్ రకం వాల్వ్‌ని చేత్తో ఊపితే టకటకమని చప్పుడు రావాలి. చప్పుడు లేకపోతే మార్చెయ్యండి. కొన్ని బ్రిటిష్ ఇంజిన్ల మీద ఉండే గుండ్రటి వాల్వ్‌లో రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. దానికి ఊపే పరీక్ష పనికిరాదు, విప్పి డయాఫ్రమ్ చిరిగిందేమో చూడాల్సిందే.

ఏ ప్యాకింగ్

కార్క్‌నీ రబ్బరునీ ఒకేలా చూడటం వల్ల చాలా పొరపాట్లు జరుగుతాయి. కార్క్‌ని నొక్కితే దాని లోపలి గాలి గదులు నలిగి మందం తగ్గుతుంది, పక్కలకు దాదాపుగా పాకదు. రబ్బరు అలా కాదు. నొక్కినప్పుడు దాని ఘనపరిమాణం తగ్గదు, ఆకారమే మారుతుంది. మందం తగ్గినంత మేర పక్కలకు పోవాల్సిందే. అందుకే గాడిలేని అంచు మీద రబ్బరు ప్యాకింగ్‌ని అతిగా బిగిస్తే అది బోల్టుల మధ్య వంకరపోయి బయటికి తన్నుకొస్తుంది.

రేకు కవర్లకు కార్క్ ఇప్పటికీ మంచి ఎంపికే. సాధారణంగా 4 నుంచి 5 మి.మీ. మందంలో దొరుకుతుంది. రేకు అంచులో ఉండే చిన్న చిన్న వంకరలకు తగ్గట్టు నలుగుతుంది. దీనితో ఇబ్బంది ఏమిటంటే ఎండిపోయి పెళుసవుతుంది, వేడికి కాలక్రమంలో కుంచించుకుపోతుంది. కార్క్ పలుకుల్ని రబ్బరుతో కలిపి చేసిన రకం తెగిపోకుండా ఎక్కువకాలం ఉంటుంది. రేకు కవర్‌కి ఒక్కటే ఎంచుకోవాలంటే ఈ రకమే తీసుకోవాలి. గాడి ఉన్న అల్యూమినియం పోత కవర్లకు ఆ గాడి కొలతకు అచ్చుపోసిన రబ్బరు ప్యాకింగే వెయ్యాలి. నైట్రైల్ రబ్బరు సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది, ఆపైన గట్టిపడుతుంది. సిలికాన్ 200 డిగ్రీల దాకా ఆగుతుంది కానీ సులభంగా చిరుగుతుంది, పెట్రోలు తగిలితే ఉబ్బుతుంది. లోపల ఉక్కు రేకు ఉన్న సిలికాన్ ప్యాకింగులకు బోల్టు రంధ్రాల దగ్గర ఉక్కు గొట్టపు ముక్కలు ఉంటాయి. బోల్టు ఆ ముక్కకు ఆనుకుని ఆగుతుంది, ప్యాకింగ్ అంతకు మించి నలగదు. కవర్‌ని పదేపదే విప్పి టాపెట్ల సందు (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య ఖాళీ) చూసే ఇంజిన్‌కి వీటికి పెట్టిన డబ్బు వృథా పోదు.

చాలాకాలం నిల్వ ఉన్న కార్క్ ప్యాకింగ్ పెట్టెలోంచి తీయగానే పొట్టిగా కనిపించవచ్చు, రంధ్రాలు కవర్‌తో కలవకపోవచ్చు. పారేయకండి. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెడితే తేమ పీల్చుకుని మునుపటి పొడవుకు వస్తుంది. సాగదీస్తే మాత్రం తెగుతుంది. నానిన ప్యాకింగ్‌ని కవర్ మీద పరిచి, రంధ్రాల్లోకి బోల్టులు దూర్చి, ఆ ఆకారంలోనే ఆరనివ్వండి. పైతడి పూర్తిగా పోయాకే జిగురు పూయాలి.

విప్పడం

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ తీసెయ్యండి. అడ్డొచ్చే ప్లగ్ వైర్లనూ యాక్సిలరేటర్ లింకేజీనీ గుర్తు పెట్టుకుని పక్కకు జరపండి. కార్బురేటర్ నోరు శుభ్రమైన గుడ్డతో కప్పండి. కవర్ చుట్టూ, ముఖ్యంగా బోల్టు తలల దగ్గర, ఉన్న మట్టిని కుంచెతో దులిపి తుడిచాకే బోల్టులకు పానా పెట్టండి. లేకపోతే ఆ మట్టంతా కవర్ లేచిన మరుక్షణం రాకర్ల మీద పడుతుంది.

ఏ బోల్టు ఎక్కడిదో అట్టముక్కకు గుచ్చి పెట్టుకుంటే పొడవు తేడాలు కలవవు. కవర్ అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఎత్తొద్దు. ఆ ఒక్క తాకిడికి రేకు అంచు వంగుతుంది, అల్యూమినియం హెడ్ అయితే గాటు పడుతుంది. పక్కనుంచి చెక్కముక్క ఆనించి రబ్బరు సుత్తితో మూలల దగ్గర తట్టండి. అప్పటికీ రాకపోతే పల్చటి పుట్టీ కత్తిని కవర్‌కీ ప్యాకింగ్‌కీ మధ్య జరుపుకుంటూ పొండి.

కవర్ పైకి లేవగానే పుష్‌రాడ్ల రంధ్రాలకూ ఆయిల్ దిగే రంధ్రాలకూ శుభ్రమైన గుడ్డలు కుక్కండి. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క రాసి పెట్టుకోండి, తీసేటప్పుడు లెక్క సరిపోవాలి. పాత కార్క్ ముక్క ఒకటి సంపులోకి పోయి పంపు జల్లెడకు అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. ప్యాకింగ్ పని కాస్తా బేరింగుల పని అవుతుంది.

శుభ్రం చెయ్యడం

ఇనుప హెడ్ మీద ఉక్కు స్క్రేపర్ వాడవచ్చు. అల్యూమినియం మీద మాత్రం ప్లాస్టిక్ స్క్రేపర్ లేదా గట్టి చెక్కముక్కే వాడాలి. డ్రిల్లుకు తగిలించే రాపిడి చక్రాల జోలికి పోకండి. ఆ చక్రం నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ ధూళి కంటికి కనపడదు. కానీ ఆయిల్‌తో కలిసిందంటే బేరింగులను సానబట్టినట్టు అరగదీస్తుంది. మీ ఇంజిన్‌కి ఉన్నది కార్క్ కాకుండా బూడిదరంగు నారలాంటి పాత ప్యాకింగ్ అయితే, ఆ కాలపు కొన్ని రకాల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని ధూళి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. తడిపి గీకండి, పొడిగా రుద్దకండి, గాలి కొట్టకండి.

హెడ్‌లో ఆయిల్ దిగే రంధ్రాలు ఎలా ఉన్నాయో చూడటానికి ఇదే అదను. పాత ఇంజిన్లలో నల్లటి మడ్డి అక్కడ అడ్డంపడి ఆయిల్ హెడ్ మీద చెరువులా నిలుస్తుంది. నిలిచిన ఆయిల్ ప్యాకింగ్ ఎత్తుకు చేరితే ఏ ప్యాకింగూ ఎక్కువకాలం ఆపలేదు. మడ్డిని కిందికి తొయ్యకుండా చెంచాతోనో వంచిన తీగతోనో పైకి లాగి తీయండి. ఆ తర్వాత ఆయిల్ మారిస్తే మంచిది.

చివరగా హెడ్ ముఖాన్నీ కవర్ అంచునూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ బ్రేక్ క్లీనర్‌తో గానీ తుడవండి. గుడ్డకు మరక అంటకుండా వచ్చేదాకా గుడ్డలు మార్చుతూ తుడవాలి. హెడ్‌లోంచి ఆయిల్ మెల్లగా ఊరుతూనే ఉంటుంది కాబట్టి కవర్ పెట్టే ముందు ఇంకోసారి తుడవాలి. వంగిన కవర్‌కి వెల్డింగ్ చెయ్యాల్సి వస్తే క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన రేకును వేడి చెయ్యకండి. దాని ఆవిరి వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువుగా మారుతుంది.

అంచును చదును చెయ్యడం

రేకు కవర్లు కారడానికి అసలు కారణం ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఏళ్ల తరబడి అతిగా బిగించడం వల్ల బోల్టు రంధ్రం చుట్టూ రేకు హెడ్ వైపు గుంట పడుతుంది. అప్పుడు రంధ్రం దగ్గర ప్యాకింగ్ పచ్చడవుతుంది, రెండు బోల్టుల మధ్య రేకు పైకి విల్లులా లేచి ఉంటుంది. ఆ మధ్య భాగం దగ్గరే ఆయిల్ కారుతుంది. అది చూసి ఇంకా బిగిస్తే గుంట లోతవుతుంది, మధ్యలో సందు ఇంకా పెరుగుతుంది.

కవర్‌ని మందపాటి అద్దం పలక మీద, అంచు కిందికి వచ్చేలా పెట్టండి. మూలల మీద వేలితో నొక్కి ఊగుతోందేమో చూడండి. తర్వాత ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి ఉక్కు ఆకుల కట్ట) ఆకును చుట్టూ దూర్చి చూడండి. గుంటలన్నీ అద్దాన్ని తాకుతూ, వాటి మధ్య అంచు గాల్లో ఉంటే సంగతి అర్థమైనట్టే. రేకు కవర్, మందపాటి కార్క్ అయితే అక్కడక్కడా అర మి.మీ. లోపు సందును కార్క్ సర్దుకుంటుంది. గాడిలేని పోత కవర్, పల్చటి ప్యాకింగ్ అయితే 0.1 మి.మీ. దాటకుండా చూసుకోవాలి. దాటితే అద్దం మీద 180 నంబరు ఎమరీ కాగితం పరిచి, కవర్‌ని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దండి.

రేకు గుంటలు తీయడానికి కవర్‌ని తిరగేసి, అంచు పైముఖం గట్టి చెక్క దుంగ మీదో వైస్‌లో బిగించిన ఇనుప పట్టీ మీదో ఆనేలా పట్టుకోండి. ప్యాకింగ్ కూర్చునే వైపునుంచి, చదును ముఖం ఉన్న చిన్న సుత్తితో రంధ్రం చుట్టూ తేలిగ్గా తడుతూ పొండి. గట్టిగా ఒక్క దెబ్బ కొడితే రేకు సాగుతుంది, సాగిన రేకు అలలుగా లేస్తుంది. నాలుగు తట్లు తట్టడం, అద్దం మీద పెట్టి చూడటం, మళ్లీ తట్టడం ఇలాగే సాగాలి. గుంట పూర్తిగా పోవడమే కాదు, రంధ్రం దగ్గర ప్యాకింగ్ వైపు అంచు వెంట్రుకవాసి లోపలికి ఉన్నా మంచిదే. బిగించినప్పుడు సమం అవుతుంది.

మెరిసే క్రోమ్ పూత ఉన్న కొత్త రేకు కవర్లు చూడటానికి బాగుంటాయి కానీ చాలావాటి రేకు అసలు కవర్ కంటే పల్చన, అంచు నున్నన. అసలు కవర్ వంగి ఉన్నా దాన్ని సరిచేసి వాడుకోవడమే మేలు. క్రోమ్ కవరే పెట్టాలనుకుంటే ప్యాకింగ్ వైపు అంచును 180 నంబరు కాగితంతో గరుకు చేస్తేనే జిగురు పట్టుకుంటుంది.

బోల్టులు, వాషర్లు

పావు అంగుళం బోల్టులోనే రెండు రకాలు ఉన్నాయి. ముతక మరల యూఎన్‌సీకి అంగుళానికి 20 మరలు, సన్న మరల యూఎన్ఎఫ్‌కి 28. 6.35 మి.మీ. వ్యాసమున్న ఈ బోల్టుల రంధ్రంలోకి 6 మి.మీ. మెట్రిక్ బోల్టు వదులుగా దూరిపోతుంది, నాలుగు మరలు పట్టినట్టే అనిపిస్తుంది, బిగించేసరికి హెడ్‌లోని మరల్ని చెరిపేస్తుంది. పాత బోల్టు పక్కన కొత్తదాన్ని ఆనించి మరలు ఒకదానిలో ఒకటి కూర్చుంటున్నాయో లేదో చూడండి.

బోల్టు పొడవు కూడా ముఖ్యమే. రంధ్రం అడుగు మూసి ఉన్నచోట పొడవాటి బోల్టు అడుగున తగిలి ఆగిపోతుంది. టార్క్ రెంచ్ టక్కుమంటుంది, ప్యాకింగ్ మీద మాత్రం ఏ ఒత్తిడీ పడదు. వాషర్, అంచు రేకు, నలిగిన ప్యాకింగ్ మందం కలిపి, దానికి ఇనుప హెడ్ అయితే 7 నుంచి 9 మి.మీ., అల్యూమినియం అయితే 10 నుంచి 12 మి.మీ. మరల పట్టు చేర్చితే కావలసిన పొడవు వస్తుంది. రంధ్రంలో ఆయిల్ నిలిచి ఉంటే గుడ్డ మెలిపెట్టి పీల్చెయ్యండి, లేదంటే బోల్టు కింద చిక్కిన ఆయిల్ పోయే దారిలేక అడ్డం పడుతుంది.

రేకు కవర్ బోల్టుల కింద మామూలు గుండ్రటి వాషర్ల బదులు అంచు పొడుగునా పరుచుకునే పొడవాటి పట్టీ వాషర్లు వెయ్యండి. ఒత్తిడి రంధ్రం దగ్గర పోగుపడకుండా పక్కలకు పాకుతుంది. ధర చాలా తక్కువ, లీకు మీద దీని ప్రభావం మాత్రం ప్యాకింగ్ రకాన్ని మార్చినదానికంటే ఎక్కువ.

జిగురు ఎక్కడ, సిలికాన్ ఎక్కడ

కార్క్, కార్క్-రబ్బరు ప్యాకింగుల్ని కవర్‌కి అంటించి, హెడ్ వైపు పొడిగా వదలాలి. అలాగైతే తర్వాత టాపెట్లు చూసుకోవడానికి కవర్ విప్పినా ప్యాకింగ్ చిరగదు, మళ్లీ అదే వాడుకోవచ్చు. కవర్ అంచుకీ ప్యాకింగ్ ఒక ముఖానికీ కాంటాక్ట్ జిగురు పల్చగా పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆగండి. వేలికి అంటీ అంటనట్టు అయ్యాక ఒక మూలనుంచి మొదలుపెట్టి సాగదీయకుండా పరుచుకుంటూ పొండి. అంటిన జిగురు జరగదు కాబట్టి ముందుగానే రంధ్రాల్లోకి బోల్టులు దూర్చి ఉంచుకుంటే గురి తప్పదు. తర్వాత అద్దం మీద మైనపు కాగితం వేసి, కవర్‌ని దాని మీద ప్యాకింగ్ కిందికి వచ్చేలా పెట్టి, పైన బరువు ఉంచి రాత్రంతా వదిలెయ్యండి. మరుసటి రోజు హెడ్‌కి ఆనే ముఖం మీద గ్రీజు వేలితో సన్నగా తుడిచినట్టు రాస్తే చాలు.

ఆర్‌టీవీ సిలికాన్‌ని (ట్యూబులోంచి పిండాక మామూలు వేడికే గట్టిపడే రకాన్ని) కార్క్ మీదా రబ్బరు మీదా పూయకండి. గట్టిపడేలోపు అది సబ్బులా జారుతుంది. బోల్టు బిగిసేకొద్దీ ప్యాకింగ్ బయటికో లోపలికో జరిగిపోతుంది. లోపలికి పిండుకున్న సిలికాన్ ముద్దలు ఎండి రాలి ఆయిల్ పంపు జల్లెడ దగ్గరికి చేరతాయి.

సిలికాన్‌కి దాని చోటు ఉంది. క్యామ్‌షాఫ్ట్ హెడ్ మీదే ఉండే ఇంజిన్లలో ముందరి క్యామ్ క్యాప్ (క్యామ్‌షాఫ్ట్‌ని పట్టి ఉంచే బిళ్ల) హెడ్‌ని కలిసే మెట్టు, టైమింగ్ కవర్ హెడ్‌ని కలిసే గీత, క్యామ్ చివర పెట్టే అర్ధచంద్రాకారపు రబ్బరు బిళ్ల రెండు మూలలు అలాంటి చోట్లు. అక్కడ ప్యాకింగ్ మలుపు తిరుగుతుంది, మూలలో చిన్న ముక్కోణపు సందు మిగులుతుంది. 2 నుంచి 3 మి.మీ. బొట్టు పెడితే ఆ సందు నిండుతుంది. అర్ధచంద్రపు బిళ్లను తీసి శుభ్రం చేసి, దాని వంపు చుట్టూ సన్నటి పొర పూసి, పైముఖం హెడ్‌తో సమంగా ఉండేలా నొక్కండి. బిళ్ల పైకి పొడుచుకొచ్చి ఉంటే కవర్ అక్కడ ఎత్తి పట్టినట్టవుతుంది. సిలికాన్ పెట్టిన పది నిమిషాల్లోపు, పొర కట్టకముందే కవర్ పెట్టెయ్యాలి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది, లోహాన్ని తినే గుణం దానిది. వాసన లేని, ఇంజిన్లకని రాసి ఉన్న రకమే తీసుకోండి. ఇంజిన్‌ని 24 గంటల తర్వాతే స్టార్ట్ చెయ్యండి.

గాడిలో కూర్చునే రబ్బరు ప్యాకింగ్‌కి జిగురూ గ్రీజూ రెండూ వద్దు. గాడి పొడిగా ఉండాలి. తలకిందులు చేసినప్పుడు ఊడిపడుతుంటే రెండు మూడు చోట్ల మాత్రం చుక్కంత కాంటాక్ట్ జిగురు చాలు.

బిగించడం

కవర్ మూసే ముందు టాపెట్ సందులు సరిచూసుకోండి, గుడ్డలు లెక్కపెట్టి తీసెయ్యండి. కవర్‌ని నిలువుగా దించండి. పక్కకు జరిపితే ప్యాకింగ్ అంచు రాకర్‌కి తగిలి మడతపడుతుంది. వేళ్లతో చుట్టూ తడిమి ప్యాకింగ్ ఎక్కడా లోపలికి మడవలేదని చూసుకున్నాక బోల్టులన్నీ చేత్తోనే ఎక్కించండి. ఒక్కదాన్ని కూడా పానాతో ముందుగా బిగించెయ్యకండి.

ఎంత బిగించాలన్నది మీ ఇంజిన్ వర్క్‌షాప్ మాన్యువల్ చెబుతుంది. ఒక అంచనాకు ఈ అంకెలు చూడండి. అంచు మీద నాలుగు బోల్టులుండే షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8కి 45 ఇంచ్ పౌండ్లు, అంటే సుమారు 5 న్యూటన్ మీటర్లు. 289, 302 ఫోర్డ్ వీ8లకు 3 నుంచి 5 ఫుట్ పౌండ్లు, అంటే 4 నుంచి 7 న్యూటన్ మీటర్లు. మినీ, మోరిస్ మైనర్‌లలోని బీఎంసీ ఏ-సిరీస్‌కీ, ఎంజీబీలోని బీ-సిరీస్‌కీ 4 ఫుట్ పౌండ్లు, సుమారు 5.4 న్యూటన్ మీటర్లు. ఇవన్నీ ఒక మనిషి స్క్రూడ్రైవర్‌ని చేత్తో తిప్పే బలం మాత్రమే. చక్రాల నట్లు బిగించే పెద్ద టార్క్ రెంచ్ ఇంత తక్కువ దగ్గర నిజం చెప్పదు. పావు అంగుళం డ్రైవ్ ఉండి, ఇంచ్ పౌండ్లలో కొలిచే చిన్న రెంచ్ కావాలి. అది లేకపోతే రాచెట్ తలను అరచేతిలో పట్టుకుని బొటనవేలు, రెండు వేళ్లతో తిప్పండి. పిడి చివర పట్టుకుంటే చెయ్యి తెలియకుండానే రెట్టింపు బలం పెడుతుంది.

మధ్య బోల్టుల నుంచి చివరలకు, ఒక పక్క తర్వాత ఇంకో పక్క మారుతూ మూడు విడతలుగా బిగించండి. మొదటి విడతలో బోల్టు వాషర్‌ని తాకి ఆగితే చాలు. రెండో విడత చెప్పిన టార్క్‌లో సగం, మూడో విడత పూర్తిగా. పది నిమిషాలు ఆగి ఇంకోసారి చుట్టూ చూస్తే కార్క్ నలిగి కొన్ని బోల్టులు కాస్త వదులై కనిపిస్తాయి. వాటిని మళ్లీ అదే అంకెకు తెండి. సరిగ్గా బిగిసిన కార్క్ బయటినుంచి చూస్తే మందం చుట్టూ ఒకేలా ఉంటుంది. బోల్టు దగ్గర సన్నబడి, మధ్యలో ఉబ్బి ఉంటే బిగువు మించిందన్నమాట. అప్పుడు వదులు చేసి మళ్లీ మొదలుపెట్టాలి.

కొన్ని ఇంజిన్ల ప్రత్యేకతలు

ఏ-సిరీస్, బీ-సిరీస్ లాంటి ఇంజిన్లలో కవర్ పైన మధ్యలో రెండే నట్లు ఉంటాయి, వాటి కింద రబ్బరు బుష్‌లు, గిన్నె ఆకారపు వాషర్లు. ఒత్తిడంతా కవర్ పైకప్పు మీదుగా అంచుకు పోతుంది. అతిగా బిగిస్తే పైకప్పు కిందికి కుంగి అంచు మధ్యలో వెడల్పవుతుంది. ప్యాకింగ్ మార్చిన ప్రతిసారీ ఆ రబ్బరు బుష్‌లు కూడా మార్చండి. గట్టిపడిన బుష్ పక్కనుంచి ఆయిల్ పైకొచ్చి, ప్యాకింగ్ కారుతోందని మోసం చేస్తుంది. ఏ-సిరీస్ టాపెట్ సందు చల్లటి ఇంజిన్ మీద 0.012 అంగుళం, అంటే 0.30 మి.మీ.

1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్‌కి రెండు పోత కవర్లు, గుమ్మటం నట్లు, వాటి కింద రాగి వాషర్లు. ఈ వాషర్లు ఒకసారి నలిగాక గట్టిపడతాయి. ఎర్రబడేదాకా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడతాయి, లేదా కొత్తవి వెయ్యండి. పాతవి అలాగే వేసి లీకు ఆపడానికి గట్టిగా బిగిస్తే స్టడ్ ఊడి చేతికొస్తుంది.

గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో బోల్టులే ఉండవు. వంపు తిరిగిన తీగ స్ప్రింగ్ కవర్‌ని పట్టి ఉంచుతుంది. పెద్ద స్క్రూడ్రైవర్‌తో దాన్ని కిందికి తోస్తే కవర్ వదులవుతుంది. కవర్ ఇంజిన్ పక్కన కింద ఉంటుంది కాబట్టి కొంత ఆయిల్ ఎలాగూ కారుతుంది, పళ్లెం ముందే పెట్టుకోండి. ఇక్కడ బిగువు పెంచే మార్గం లేదు. అంచు చదును, శుభ్రమైన ముఖం, స్ప్రింగ్ బలం ఇవే దిక్కు. ప్యాకింగ్‌ని కవర్ వైపే అంటించి, అది కవర్ అంచు లోపల మడత లేకుండా కూర్చుందో లేదో చూసుకోండి. తీగ వేలితో తోసినా జరుగుతోందంటే అది సాగిపోయింది, మార్చండి.

ప్యాకింగ్ దొరకని ఇంజిన్‌కి

అరుదైన ఇంజిన్లకు కార్క్-రబ్బరు షీటు తెచ్చి సొంతంగా కోసుకోవచ్చు. కవర్ అంచుకు గ్రీజు పల్చగా రాసి అట్ట మీద అద్దితే అచ్చు పడుతుంది. ఆ అట్ట నమూనాను షీటు మీద గీసి, బోల్టు రంధ్రాలను ముందు బోలు పంచ్‌తో కొట్టండి, ఆ తర్వాతే అంచులు కొత్త బ్లేడుతో కోయండి. ముందు అంచులు కోసేస్తే పంచ్ దెబ్బకు సన్నటి పట్టీ చిట్లుతుంది. రంధ్రం బోల్టు కంటే ఒక మి.మీ. పెద్దదిగా ఉండాలి. షీటు పొడవు చాలకపోతే రెండు ముక్కలు కలపవచ్చు కానీ అతుకును నిటారుగా కోయకండి. ఒక ముక్క చివర పావురం తోకలా వెడల్పయ్యే నాలుక, రెండోదాంట్లో దానికి సరిపడే గాడి కోసి ఒకదానిలో ఒకటి ఇమడ్చండి. అతుకు మూల దగ్గరా బోల్టు దగ్గరా కాకుండా తిన్నగా ఉన్న భాగంలో రావాలి. సిలికాన్ చుక్క ఒకటి ఆ అతుకు మీద మాత్రం పెట్టవచ్చు.

బిగించాక

ఇంజిన్‌ని పూర్తిగా వేడెక్కనిచ్చి, ఆపి, చల్లారాక కార్క్ ప్యాకింగ్ బోల్టులను అదే టార్క్‌తో మళ్లీ చూడండి. తర్వాత నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల దగ్గర ఇంకోసారి. అంకె దాటొద్దు. ఉక్కు రేకు ఉన్న సిలికాన్ ప్యాకింగ్‌కి ఈ పని అవసరం లేదు.

అప్పటికీ తడి కనపడితే ఎక్కడ కనపడిందో దాన్నిబట్టి కారణం వెతకండి. రెండు బోల్టుల సరిగ్గా మధ్యలో అయితే అంచు ఇంకా వంకరగా ఉంది. బోల్టు తల చుట్టూ అయితే వాషర్, లేదా బోల్టు రంధ్రం ఆయిల్ ఉన్న గదిలోకి తెరిచి ఉంది. అలాంటి చోట మరలకు థ్రెడ్ సీలెంట్ పూయాలి. వెనక మూలలో మాత్రమే అయితే ఆయిల్ దిగే రంధ్రాలూ అర్ధచంద్రపు బిళ్లలూ చూడండి. చుట్టూ అన్ని వైపులా ఒకేసారి చెమ్మగిల్లుతుంటే ప్యాకింగ్‌ని వదిలేసి, ఫిల్లర్ రంధ్రం మీద మళ్లీ కాగితం పెట్టి చూడండి. కాగితం ఎగిరితే రింగుల స్థితి తెలుసుకోవడానికి సిలిండర్ల కంప్రెషన్ పరీక్ష చేయించాలి.